స్ప్రింగ్ ట్రాన్సాక్షనల్: మందుల బిల్లింగ్‌లో వాడి చూశాక

జావాలో ఆఫీసు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడనివాళ్లు తక్కువ. వాడేవాళ్లలో దాని ట్రాన్సాక్షన్ మేనేజ్‌మెంట్ డాక్యుమెంటేషన్ పూర్తిగా చదివినవాళ్లు ఇంకా తక్కువ. ట్రాన్సాక్షన్ అంటే అయితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదన్న డేటాబేస్ పనుల కట్ట; దాన్ని ఖాయం చేయడం కమిట్, వెనక్కి తీయడం రోల్‌బ్యాక్. మెథడ్ పైన ట్రాన్సాక్షనల్ అనే అనోటేషన్ (కోడ్ మీద పెట్టే గుర్తు) పెట్టేస్తే మిగతాదంతా అదే చూసుకుంటుందని కొత్తగా చేరినవాళ్లకి సీనియర్లే చెప్తుంటారు. నేను మందుల హోల్‌సేల్ స్టాకిస్టులు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా కస్టమర్లు ఎక్కువగా విజయవాడ, గుంటూరు, ఖమ్మం వైపు వాళ్లు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. స్టాకు, డబ్బు, పన్ను మూడూ ఒకే బటన్ కింద కదిలే పని కాబట్టి ఈ అనోటేషన్ బలమూ బలహీనతా రెండూ ఇక్కడ బాగా బయటపడతాయి. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఎవరడిగినా వాడమనే చెప్తాను. కాకపోతే ట్రాన్సాక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్నది అది తేల్చదు, మనమే తేల్చుకోవాలి. అలా తేల్చుకోవాల్సిన పని ఒకటుందన్న సంగతినే అది మరిపించేస్తుందన్నది నా ఫిర్యాదు.

ముందు మంచి చెప్తాను. స్ప్రింగ్ 1.0 వచ్చింది 2004లో, ఈ అనోటేషన్ వచ్చింది 2005లో 1.2తో. అంతకుముందు ఇదే పని చేయాలంటే ఈజేబీ అనే పాత జావా పద్ధతికి సర్వరూ, దానికో పెద్ద ఎక్స్‌ఎమ్మెల్ ఫైలూ ఉండాలి. అది వద్దనుకుంటే కనెక్షన్ తెరవడం, ఆటో కమిట్ ఆపడం, ట్రై, క్యాచ్, రోల్‌బ్యాక్, ఫైనల్లీలో మూయడం, ఆ కనెక్షన్‌ని ప్రతి ఫంక్షన్‌కీ పారామీటర్‌గా పంపడం అంతా చేత్తో రాసుకోవాలి. అలా రాసిన కోడ్ ఇప్పటికీ నడుస్తున్న ఆఫీసులున్నాయి. తెరిచి చూస్తే ఎక్కడో ఒక క్యాచ్‌లో రోల్‌బ్యాక్ ఉండదు, ఎక్కడో ఒక కనెక్షన్ మూసి ఉండదు. స్ప్రింగ్ ఆ కనెక్షన్‌ని నడుస్తున్న థ్రెడ్‌కి కట్టి ఉంచుతుంది. స్టాకు క్లాసు, లెడ్జర్ క్లాసు, బిల్లు క్లాసు ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండానే ఒకే కనెక్షన్ మీద పనిచేస్తాయి. అయితే అన్నీ కలిసి కమిట్ అవుతాయి, లేదంటే అన్నీ కలిసి వెనక్కి పోతాయి. కింద డేటాబేస్‌తో మాట్లాడటానికి నేరుగా జేడీబీసీ ఉన్నా, హైబర్నేట్ లైబ్రరీ ఉన్నా సర్వీస్ కోడ్ మారదు. చెప్పింది చెప్పినట్టు చేసే సరుకు ఇది. అందుకే నాలుగు మార్కులు.

ఇప్పుడు అసలు పని దగ్గరికి వద్దాం. కౌంటర్‌లో ఆపరేటర్ ఒక మందుల షాపుకి బిల్లు కొట్టి సేవ్ నొక్కాడు. లోపల ఏం జరగాలి? ఆ షాపు క్రెడిట్ లిమిట్ దాటలేదని చూడాలి. ప్రతి మందుకీ ముందు ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచ్ నుంచి స్టాకు తగ్గించాలి. పదికి ఒకటి స్కీమ్ ఉంటే ఆ ఫ్రీ స్ట్రిప్పు కూడా తగ్గాలి. బిల్లు నంబరు తీయాలి, బిల్లు, దాని లైన్లు రాయాలి, షాపు లెడ్జర్‌లో బాకీ వేయాలి. జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ నుంచి ఐఆర్ఎన్ (బిల్లు నమోదైనట్టు ఇచ్చే నంబరు) తెచ్చుకోవాలి. సరుకు విలువ యాభై వేలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణా పత్రం. ఆఖర్లో షాపు యజమానికి మెసేజ్.

ఇవన్నీ ఒకే మెథడ్‌లో వరసగా రాసి పైన ట్రాన్సాక్షనల్ పెట్టిన కోడ్ నేను చాలా చోట్ల చూశాను. చదవడానికి ముచ్చటగా ఉంటుంది, డెమోలో పాస్ అవుతుంది. ఒక కస్టమర్ వేరే వాళ్ల దగ్గర చేయించుకున్న పాత ప్రోగ్రామ్‌ని మాకు అప్పగించినప్పుడు అందులో సరిగ్గా ఇదే ఉంది. నెలాఖరులో వాళ్ల అకౌంటెంట్ ఫోన్ చేశాడు. "మేడమ్, పోర్టల్‌లో బిల్లు ఉంది, మన సిస్టంలో లేదు. జీఎస్టీఆర్-1 రిటర్న్‌లోకి అదే వచ్చేసి కూర్చుంది. ఏం చేయమంటారు?" జరిగింది ఇదీ: మెథడ్ మధ్యలో పోర్టల్‌కి కాల్ వెళ్లింది, పోర్టల్ ఐఆర్ఎన్ ఇచ్చేసింది. ఆ తర్వాత లెడ్జర్ రాసేటప్పుడు ఎర్రర్ వచ్చింది. స్ప్రింగ్ తన పని తాను చేసింది, డేటాబేస్‌లో అన్నీ వెనక్కి తీసింది. పోర్టల్‌లో నమోదైన బిల్లుని మాత్రం వెనక్కి తీయడం దాని చేతిలో లేదు. పోర్టల్‌లో ఐఆర్ఎన్ రద్దు చేయడానికి ఇచ్చే గడువు 24 గంటలే. అది దాటితే రిటర్న్‌లో సవరించుకోవాలి. పైగా ఒకసారి రద్దు చేసిన బిల్లు నంబరు మీద మళ్లీ ఐఆర్ఎన్ రాదు. ఏడాదికి ఐదు కోట్ల టర్నోవర్ దాటిన దాదాపు అన్ని వ్యాపారాలకీ 2023 ఆగస్టు నుంచి ఇది తప్పనిసరి కాబట్టి ఓ మోస్తరు స్టాకిస్టు కూడా దీని కిందికి వస్తాడు.

ఇంకో నష్టం కంటికి కనపడదు. పోర్టల్ నెమ్మదించిన రోజున ఆ కాల్ జవాబు కోసం ఎదురుచూస్తున్నంతసేపూ డేటాబేస్ కనెక్షన్ ఖాళీగా పట్టుకుని ఉంటుంది, తగ్గించిన బ్యాచ్‌ల మీద లాక్‌లు అలాగే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో సెషన్ల లిస్టు తీస్తే వరసగా ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే ఉన్నవి) అని కనిపిస్తాయి. స్ప్రింగ్ బూట్‌తో వచ్చే హికారీ పూల్‌లో (సిద్ధంగా ఉంచే కనెక్షన్ల గుంపు) మనం మార్చకపోతే ఉండేవి 10 కనెక్షన్లు. పది మంది ఆపరేటర్లు పోర్టల్ కోసం ఆగితే పదకొండో మనిషి స్టాకు చూద్దామన్నా స్క్రీన్ తెరుచుకోదు. తప్పు పోర్టల్‌ది కాదు, నెట్‌ది కాదు. ట్రాన్సాక్షన్ మొదలూ చివరా అని గీత గీసిన చోటు తప్పు.

మేం దీన్ని ఇలా విడగొట్టాం. సేవ్ నొక్కగానే జరిగే ట్రాన్సాక్షన్‌లో స్టాకు, బిల్లు, లెడ్జర్ ఉంటాయి, వాటితోపాటు ఇంకో టేబుల్‌లో ఒక వరస (రో): ఫలానా బిల్లుకి ఐఆర్ఎన్ తేవాలి. అంతే, కమిట్. బిల్లు స్టేటస్ ఐఆర్ఎన్ పెండింగ్. వెనకాల ఒక వర్కర్ ఆ టేబుల్ చూస్తూ ఉంటుంది. ఒక వరస తీసుకుని, పంపుతున్నాం అని టైమ్‌తో సహా మార్కు చేసి కమిట్ చేస్తుంది. అప్పుడు ఏ ట్రాన్సాక్షనూ తెరిచి లేకుండా పోర్టల్‌కి కాల్ చేస్తుంది. జవాబు వచ్చాక ఇంకో చిన్న ట్రాన్సాక్షన్‌లో ఐఆర్ఎన్ రాస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, సర్వర్ పడిపోయినా వరస అక్కడే ఉంటుంది, గడువు దాటిన మార్కు చూసి మళ్లీ ప్రయత్నిస్తుంది. రెండోసారి పంపితే పోర్టల్ ఇది డూప్లికేట్ అంటుంది. ఐఆర్ఎన్ అనేది జీఎస్టీఐఎన్ (వ్యాపారి జీఎస్టీ నంబరు), బిల్లు నంబరు, డాక్యుమెంట్ రకం, ఆర్థిక సంవత్సరం కలిపి లెక్కకట్టే 64 అక్షరాల హ్యాష్ కాబట్టి అదే బిల్లుకి ఇంకోటి పుట్టదు. డూప్లికేట్ అన్న జవాబుని మేం ఎర్రర్‌గా చూడం, పాత ఐఆర్ఎన్ తెచ్చి రాసేస్తాం. రెండు వర్కర్లు ఒకే వరస మీద పడకుండా పోస్ట్‌గ్రెస్‌లో స్కిప్ లాక్డ్ (లాక్ ఉన్న వరసని దాటేసి వెళ్లడం) ఉంది, వెర్షన్ 9.5 నుంచి.

స్ప్రింగ్ దీనికి తన సొంత పద్ధతి ఒకటి ఇస్తుంది. ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్ అని, కమిట్ అయ్యాక మాత్రమే నడిచే కోడ్. మెసేజ్ పంపడం లాంటి పనికి చక్కగా సరిపోతుంది, మేం వాడుతున్నాం. ఐఆర్ఎన్‌కి మాత్రం వాడొద్దు. కమిట్‌కీ లిజనర్‌కీ మధ్య ప్రాసెస్ ఆగిపోతే ఆ ఈవెంట్ పోయినట్టే, ఎక్కడా రాసి ఉండదు. షాపు యజమానికి ఒక మెసేజ్ అందకపోతే ఫోన్ చేసి అడుగుతాడు, పర్వాలేదు. పన్ను బిల్లు అలా పోకూడదు.

బిల్లు నంబరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఏ ట్యుటోరియల్‌లోనూ ఇది ఉండదు. జీఎస్టీ రూల్ 46 ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు, వరసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో రెండోసారి రాకూడదు. డెవలపర్ వెంటనే డేటాబేస్ సీక్వెన్స్ (అడిగినప్పుడల్లా తర్వాతి నంబరు ఇచ్చేది) వాడతాడు. పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ ట్రాన్సాక్షన్‌లో భాగం కాదు, రోల్‌బ్యాక్ అయినా తీసిన నంబరు తిరిగి రాదు. క్రెడిట్ లిమిట్ దాటి ఆగిపోయిన ప్రతి బిల్లూ ఒక నంబరు మింగేస్తుంది. 1041 తర్వాత 1043. ఆడిటర్ 1042 ఏదీ అని అడుగుతాడు, అడగడం ఆయన ధర్మం. కాబట్టి నంబరు కోసం ఒక టేబుల్, సిరీస్‌కి ఒక వరస, దాన్ని ఒకటి పెంచి ఆ విలువ తీసుకోవాలి. రోల్‌బ్యాక్ అయితే నంబరు కూడా వెనక్కి పోతుంది. కానీ ఆ వరస మీద లాక్ కమిట్ దాకా ఉంటుంది, అంటే ఒకరి బిల్లు పూర్తయ్యేదాకా ఇంకొకరి బిల్లు ఆగుతుంది.

దీనికి విరుగుడు చాలా చిన్నది. నంబరు తీసే లైనుని మెథడ్ మొదట్లోంచి తీసి చివర్లో, బిల్లు రాసే ముందు పెట్టాం. స్టాకు తగ్గించడం, స్కీమ్ లెక్క, లిమిట్ చూడటం అన్నీ అయిపోయి, ఇక ఫెయిలయ్యే కారణం దాదాపు లేదన్నప్పుడే నంబరు అడుగుతాం. లాక్ పట్టుకునే సమయం రెండు మూడు ఇన్సర్ట్‌ల వ్యవధికి పడిపోయింది. అప్పటికీ సాయంత్రం రద్దీలో ఇరుకనిపిస్తే రూల్ 46 ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లని ఒప్పుకుంటుంది. గోడౌన్‌కి ఒకటి, కౌంటర్‌కి ఒకటి ఇచ్చుకోవచ్చు. ఒకే ఒక్క లైను చోటు మారింది, అనోటేషన్ అలాగే ఉంది. ట్రాన్సాక్షన్ డిజైన్ అంటే నాకు గుర్తొచ్చేది ఇలాంటి పని.

స్టాకు సంగతి కూడా ఇంతే ముఖ్యం. ఒక యాంటీబయాటిక్ బ్యాచ్‌లో 20 స్ట్రిప్పులు మిగిలాయి. ఇద్దరు ఆపరేటర్లు ఒకేసారి పన్నెండేసి కొట్టారు. హైబర్నేట్‌తో ఎంటిటీ (టేబుల్ వరసకి జావా రూపం) చదివి, జావాలో తీసివేత చేసి, సేవ్ చేస్తే ఇద్దరూ 20 చదువుతారు, ఇద్దరూ 8 రాస్తారు. 24 స్ట్రిప్పులు బిల్లయ్యాయి, సిస్టంలో ఇంకా 8 ఉన్నాయి. రెండు మెథడ్‌ల మీదా ట్రాన్సాక్షనల్ ఉంది మరి! పోస్ట్‌గ్రెస్‌లో మనం ఏమీ చెప్పకపోతే ఐసొలేషన్ (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లని ఎంత విడిగా ఉంచాలన్నది) రీడ్ కమిటెడ్, అది ఈ తప్పుని ఆపదు. మేం అప్‌డేట్‌లోనే తీసివేత రాసి, స్టాకు పన్నెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే అన్న షరతు పెడతాం. రెండో ఆపరేటర్ అప్‌డేట్ మొదటివాడి కమిట్ కోసం ఆగి, తర్వాత షరతుని కొత్త విలువ మీద మళ్లీ చూస్తుంది. మారిన వరసలు సున్నా అని వస్తే స్టాకు చాలదని స్క్రీన్ మీద చెప్తాం. ఎంటిటీలో వెర్షన్ కాలమ్ పెట్టి, మధ్యలో ఎవరైనా మార్చారేమో చూడటం కూడా మంచి దారే, మాస్టర్ స్క్రీన్లకి అదే వాడతాం. అవే రెండు మందులని ఇద్దరు అటూ ఇటూ వరసలో కొడితే డెడ్‌లాక్ (ఒకరి లాక్ కోసం ఒకరు ఆగిపోవడం) వస్తుంది. అందుకని బిల్లులో ఏ వరసలో ఉన్నా తగ్గించేది మాత్రం బ్యాచ్ ఐడీ వరసలోనే.

ఇక ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో చెప్తాను. మనం ఏమీ మార్చకుండా వదిలేస్తే వచ్చే సెట్టింగుల దగ్గరే అసలు చిక్కు.

రన్‌టైమ్ ఎక్సెప్షన్ వస్తే స్ప్రింగ్ రోల్‌బ్యాక్ చేస్తుంది. చెక్డ్ ఎక్సెప్షన్ (పట్టుకోవాలని లేదా ప్రకటించాలని జావా కంపైలర్ పట్టుబట్టే ఎర్రర్) వస్తే కమిట్ చేస్తుంది. ఇది డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాసి ఉంది, ఈజేబీ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. కానీ స్టాకు చాలదు అన్న ఎక్సెప్షన్‌ని ఎవరైనా చెక్డ్‌గా రాస్తే సగం బిల్లు కమిట్ అవుతుందని కోడ్ చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? 2024లో వచ్చిన స్ప్రింగ్ 6.2లో అప్లికేషన్ మొత్తానికీ ఏ ఎక్సెప్షన్ వచ్చినా రోల్‌బ్యాక్ అని ఒకే చోట చెప్పే సౌకర్యం ఇచ్చారు. చాలా ఆలస్యమైనా ఇచ్చినందుకు సంతోషం. కొత్త ప్రాజెక్టులో మొదటి రోజే ఆ సెట్టింగ్ పెట్టండి.

ఒకే క్లాసులోని మెథడ్ ఇంకో మెథడ్‌ని పిలిస్తే రెండోదాని మీది అనోటేషన్ పనిచేయదు. స్ప్రింగ్ బయటినుంచి వచ్చే కాల్‌ని ప్రాక్సీ (అసలు క్లాసు ముందు నిలబడే ఆబ్జెక్ట్) ద్వారా పట్టుకుంటుంది, లోపలి కాల్ దాని దాకా రాదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. అక్షరాలా అక్కడ ట్రాన్సాక్షనల్ అని రాసి ఉంటుంది, ట్రాన్సాక్షన్ ఉండదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే, ఎందుకంటే కోడ్ రివ్యూలో అనుభవమున్న కళ్లు కూడా దీన్ని దాటిపోతాయి.

రిక్వైర్స్ న్యూ అనే ప్రాపగేషన్ (లోపలి మెథడ్‌కి విడిగా కొత్త ట్రాన్సాక్షన్ తెరిచే సెట్టింగ్) ఇంకో ఉచ్చు. బయటి పని ఫెయిలైనా ఆడిట్ లాగ్ మిగలాలని చాలామంది దాన్ని వాడతారు. ఆలోచన సరైనదే. కానీ బయటి ట్రాన్సాక్షన్ తన కనెక్షన్ వదలకుండానే లోపలిది రెండో కనెక్షన్ అడుగుతుంది. పది థ్రెడ్‌లు ఒక్కో కనెక్షన్ పట్టుకుని ఒకేసారి రెండోది అడిగితే ఇచ్చేవాళ్లెవరూ లేరు. హికారీ 30 సెకన్లు చూసి అందరికీ టైమ్‌అవుట్ ఇస్తుంది. టెస్ట్ సర్వర్ మీద ఒక్కరే నొక్కుతారు కాబట్టి ఎప్పటికీ కనపడదు. పండగ ముందు రోజు ఆర్డర్లు వెల్లువెత్తినప్పుడు కనపడుతుంది. వాడాల్సి వస్తే పూల్ సైజు ఒకేసారి నడిచే థ్రెడ్‌ల కంటే కనీసం ఒకటి ఎక్కువ ఉండాలని స్ప్రింగ్ డాక్యుమెంటేషనే చెప్తుంది.

లోపలి మెథడ్ విసిరిన ఎక్సెప్షన్‌ని బయట పట్టుకుని, పర్లేదులే అని ముందుకెళ్తే కమిట్ దగ్గర అన్‌ఎక్స్‌పెక్టెడ్ రోల్‌బ్యాక్ ఎక్సెప్షన్ వస్తుంది. దీన్ని చాలామంది తిట్టుకుంటారు, నేను మాత్రం స్ప్రింగ్ పక్షమే. ఒకే ట్రాన్సాక్షన్‌లో సగం పాడైపోయింది అని అది నిజం చెప్తోంది. ఐడీఈ ఇచ్చే సజెషన్‌లో స్ప్రింగ్ ట్రాన్సాక్షనల్, జకార్తా ట్రాన్సాక్షనల్ అని రెండు కనిపిస్తాయి, ఇంపోర్ట్ చూసుకోండి. రెండోదాంట్లో ఐసొలేషన్, రీడ్ ఓన్లీ ఉండవు.

టెస్టుల దగ్గర ఒక సౌకర్యమే హాని చేస్తుంది. టెస్ట్ క్లాసు మీద ఇదే అనోటేషన్ పెడితే ప్రతి టెస్టూ అయ్యాక స్ప్రింగ్ అంతా వెనక్కి తీస్తుంది, డేటాబేస్ శుభ్రంగా ఉంటుంది. అంటే ఏ టెస్టూ ఎప్పుడూ కమిట్ దాకా వెళ్లదు. కమిట్ తర్వాత నడవాల్సిన లిజనర్ నడవదు, హైబర్నేట్ ఇంకా డేటాబేస్‌కి పంపని మార్పులు అలాగే ఆవిరైపోతాయి, యూనిక్ కన్‌స్ట్రెయింట్ దెబ్బతినాల్సిన చోట టెస్ట్ పచ్చగా వెలుగుతుంది. బిల్లింగ్ టెస్టుల మీద మేం దాన్ని తీసేశాం. టెస్ట్‌కంటైనర్స్ (టెస్టు కోసం తాత్కాలికంగా డేటాబేస్ నడిపే లైబ్రరీ)తో నిజమైన పోస్ట్‌గ్రెస్ తెచ్చి, నిజంగా కమిట్ చేసి, తర్వాత టేబుళ్లు ఖాళీ చేస్తాం. టెస్టులు నెమ్మదిస్తాయి, అయినా రెండు థ్రెడ్‌లు ఒకే బ్యాచ్ మీద పడే టెస్ట్ రాయాలంటే వేరే దారి లేదు.

ఎవరికి ఏం సూచిస్తాను? మాస్టర్ డేటా, రిపోర్టులు, సెట్టింగుల స్క్రీన్లు: అనోటేషన్ పెట్టి హాయిగా ఉండండి. డబ్బూ స్టాకూ కదిలే చోట మాత్రం నేను స్ప్రింగ్ లోనే ఉన్న ట్రాన్సాక్షన్ టెంప్లేట్ వాడతాను, అందులో ట్రాన్సాక్షన్‌లో నడవాల్సిన కోడ్‌ని బ్రాకెట్ల మధ్య రాసి ఇవ్వాలి. కోడ్ నాలుగు లైన్లు పెరుగుతుంది. బదులుగా బ్రాకెట్ ఎక్కడ తెరుచుకుందో, ఎక్కడ మూసుకుందో కంటికి కనపడుతుంది. పోర్టల్ కాల్ ఆ బ్రాకెట్ లోపల ఉంటే కొత్తగా చేరిన పిల్లలు కూడా పట్టేస్తారు. ప్రాక్సీ గొడవ లేదు, ఒకే క్లాసులో పిలుచుకున్నా పనిచేస్తుంది. డెడ్‌లాక్ వచ్చి మళ్లీ ప్రయత్నించాలంటే ఆ లూప్ టెంప్లేట్ బయట ఉండాలన్నది కూడా రాసేటప్పుడే అర్థమవుతుంది.

దీనితోపాటు మూడు సెట్టింగులు. స్ప్రింగ్ బూట్‌లో ఓపెన్ ఇన్ వ్యూ (రిక్వెస్ట్ ముగిసేదాకా హైబర్నేట్ సెషన్ తెరిచి ఉంచేది) ఆపేయండి. అది ఆన్‌లో ఉందని స్టార్టయ్యేటప్పుడు లాగ్‌లో వార్నింగ్ వస్తుంది, ఎవరూ చదవరు. పోస్ట్‌గ్రెస్‌లో ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమ్‌అవుట్ పెట్టండి, 9.6 నుంచి ఉంది. దాన్ని తక్కువలో పెడితే ట్రాన్సాక్షన్ తెరిచి బయటికి కాల్ చేసే కోడ్ ఎక్కడుందో టెస్టింగ్‌లోనే బయటపడుతుంది. వెర్షన్ 17కి వెళ్తే మొత్తం ట్రాన్సాక్షన్‌కే టైమ్‌అవుట్ పెట్టుకోవచ్చు.

ధర: ఓపెన్ సోర్స్, అపాచీ లైసెన్స్, పైసా ఖర్చు లేదు. డాక్యుమెంటేషన్‌లో ట్రాన్సాక్షన్ చాప్టర్ ఒక ఆదివారం మధ్యాహ్నం పని. మా టీమ్‌లో చేరినవాళ్లకి సేవ్ బటన్ కోడ్ ముట్టుకునే ముందు అది చదివించి, ఒక కాగితం మీద బిల్లు ప్రవాహం గీయించి, కమిట్ ఎక్కడ పడాలో వాళ్లచేతే గీత పెట్టిస్తున్నాం.